తక్కువ సామానుతో ఇల్లు: వరంగల్, హన్మకొండ ఇళ్లకు మినిమలిస్ట్ ఇంటీరియర్ – తరచుగా అడిగే ప్రశ్నలు

మినిమలిస్ట్ అంటే ఇల్లంతా తెల్లగా, బోసిగా ఉండటమేనా?

కాదు. రోజూ వాడేది చేతికి అందాలి, అప్పుడప్పుడు వాడేది తలుపు వెనక ఉండాలి, అసలు వాడనిది ఇంట్లోనే ఉండకూడదు. అంతే. రంగు సంగతి తర్వాత. 1929లో బార్సిలోనాలో వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో, డిజైనర్ లిల్లీ రైఖ్ రూపొందించిన జర్మన్ పెవిలియన్‌ను, అంటే ప్రదర్శన మండపాన్ని, ఈ శైలికి తొలి నమూనాల్లో ఒకటిగా చూపిస్తారు. అందులో సామాను దాదాపు లేదు. గోడలు మాత్రం ఆకుపచ్చ పాలరాయి, బంగారు రంగు ఓనిక్స్ రాయి. ఖర్చంతా రాయి మీద, అతుకుల పొందిక మీద పెట్టారు. మన ఇంటికీ లెక్క అదే: వస్తువులు తగ్గించే కొద్దీ గోడ, నేల, తలుపుల పనితనం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షోకేస్ అడ్డం ఉన్నప్పుడు ఎవరూ చూడని పగులు, షోకేస్ తీసేశాక అందరికీ కనిపిస్తుంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సజ్జ మీద. హాలులో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, మధ్యలో ఆగిపోయేవాళ్లూ వాళ్లే. హాలులోంచి తీసిన సామాను పెట్టడానికి చోటు కావాలి కదా, సజ్జలేమో అప్పటికే నిండి ఉంటాయి. అందుకని ముందు వంటింటి సజ్జ, తర్వాత పడకగది సజ్జలు, బీరువాలు, మంచం కింద పెట్టెలు, ఆఖరికి హాలు.

ఒక సజ్జకు ఒక పూట కేటాయించండి. కింద పాత దుప్పటి పరిచి మొత్తం దించండి. పైనుంచే ఏరుకుందామంటే కుదరదు, వెనక వరుస ఎప్పటికీ కదలదు. దించినవాటిని నాలుగు కుప్పలు చేయండి: ఉంచేవి, ఇచ్చేవి, తూకానికి వేసేవి, ఎటూ తేలనివి. తేలనివాటిని అట్టపెట్టెలో వేసి, టేపు అంటించి, మార్కర్‌తో తేదీ రాయండి. వచ్చే దసరా దాకా ఆ టేపు విప్పే అవసరం రాకపోతే, విప్పకుండానే ఇచ్చేయండి. విప్పితే మళ్లీ సగం లోపలికి వస్తుంది.

మన ఇళ్లలో బరువంతా స్టీలు గిన్నెల దగ్గరే ఉంటుంది. పెళ్లిలో, గృహప్రవేశంలో వచ్చినవి, పేరూ తేదీ చెక్కి ఉన్నవి. చెక్కిన పేరు చూసి ఆగిపోతారు. ఇంటికి ఎంతమంది వచ్చినా ఒక పూట వంటకు పట్టే గిన్నెలు ఎన్నో లెక్క వేసుకుని అన్నే ఉంచండి. ఒకటో రెండో గుర్తుగా ఉంచుకోండి, మిగతావి తూకానికి. ఒక మాట: పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు గల్లీలోకి వస్తే బట్టలు ఇవ్వండి, గిన్నె మాత్రం తీసుకోకండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఏదీ తీయనివ్వరు. ఏం చేయాలి?

వాళ్ల సామాను జోలికి వెళ్లొద్దు. అమ్మమ్మకో నానమ్మకో ఒక ట్రంకు పెట్టె, ఒక అర కేటాయించి, అందులో ఏముండాలో ఆమెనే చెప్పమనండి. ముందు మీ పుస్తకాలు, మీ చార్జర్లు, మీ చెప్పులు తగ్గించండి. ఇత్తడి గంగాళం, రాగి బిందె లాంటివి అమ్మేయడం కన్నా ఒక్కదాన్ని హాలు మూలన ఖాళీ గోడ ముందు పెట్టడం మేలు. పక్కన ఇంకేదీ ఉండకూడదు. చింతపండు, ఉప్పు పెట్టి తోమాక వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. నీటి చుక్కలు ఆరిపోతే ఆ మచ్చలే ముందు కనిపిస్తాయి.

బయట ఏమీ కనిపించకూడదంటే లోపల ఎంత చోటు కావాలి?

ఏరివేత అయ్యాక మిగిలిన సామానును కొలిచి చెప్పాల్సిన మాట ఇది. ముందే కప్‌బోర్డులు చేయించుకుంటే, అవసరం లేని సామానుకు కూడా ప్లైవుడ్ ఖర్చు పెట్టినట్టే. కొలతలు మాత్రం దాదాపు అందరికీ ఒకటే:

- హ్యాంగర్లు తగిలించే అల్మారా లోతు 24 అంగుళాలు. 20కి తగ్గిస్తే చొక్కా భుజాలు తలుపుకు తగులుతాయి.
- చొక్కాలు, మడిచి తగిలించే చీరలకు కడ్డీ కింద 40–42 అంగుళాల ఎత్తు. పొడవు డ్రెస్సులకు 60 దాకా.
- మడత బట్టల అరల మధ్య 12–14 అంగుళాలు. అంతకు మించితే దొంతర్లు కూలిపోతాయి.
- చెప్పుల అల్మారా 13–14 అంగుళాల లోతు. తలుపుకు జాలీ లేదా కొట్టిన సందులు ఉండాలి, లేకపోతే వానాకాలంలో బూజు పడుతుంది.

అల్మారాను సీలింగ్ దాకా తీసుకెళ్లండి. పైన అడుగున్నర వదిలితే ఏడాది తిరిగేలోపు అక్కడ సూట్‌కేసులు చేరతాయి. అరల తలుపులకు గాజు పెట్టించకండి. గాజు వెనక సర్దిన సామాను కూడా కంటికి సామానే.

ప్లైవుడ్ విషయంలో ఎక్కడ మోసపోతాం?

వంటింట్లో, సింక్ కింద, బాత్‌రూం గోడకు ఆనుకునే చోట ఐఎస్ 710 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) గుర్తున్న, నీటిని తట్టుకునే ప్లై. పొడిగా ఉండే పడకగదికి ఐఎస్ 303 చాలు. అల్మారా డబ్బాకు 18 మిల్లీమీటర్ల మందం, వెనక పలకకు కనీసం 6. షీటు మీద ముద్ర చూసి, కోయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. కోశాక ముక్కల్లో ఏది ఏదో చెప్పలేరు. వెనక పలకను చాలామంది పట్టించుకోరు గానీ చెద గోడలోంచి ముందు చేరేది దానికే. అల్మారా బిగించే ముందే గోడ, నేల కలిసే మూలలో చెదమందు కొట్టించి, వెనక పలకకు లోపలి లామినేట్ వేయించండి. గోడకు తడి ఉంటే ముందు ఆ తడి సంగతి తేల్చాలి.

కూలర్ వాడే ఇళ్లకు ఇంకో జాగ్రత్త. కూలర్ గాలి నేరుగా అల్మారా మీదికి కొడితే సొరుగులు ఉబ్బి పట్టేస్తాయి, అంచు పట్టీలు ఊడతాయి. అంచులన్నిటికీ, కనిపించని కింది అంచుకు కూడా, పట్టీ వేయమని ముందే చెప్పండి.

హ్యాండిల్ లేని తలుపులు బాగుంటాయా?

చూడ్డానికి బాగుంటాయి. నొక్కితే తెరుచుకునే లాచ్‌లు చిన్న తలుపులకే నిలుస్తాయి. ఏడడుగుల అల్మారా తలుపుకు పెడితే బరువుకు తలుపు కొద్దిగా వాలగానే లాచ్ పట్టదు, తలుపు అర అంగుళం తెరుచుకునే ఉంటుంది. పొడవు తలుపులకు అంచులోనే వేళ్లు పట్టే గాడి ఉన్న అల్యూమినియం ప్రొఫైల్ పెట్టించుకోండి. ముదురు రంగు మ్యాట్ లామినేట్ మీద వేలిముద్రలు బాగా తేలతాయి. వంటింట్లో అయితే నూనె చేతులు కూడా. లేత బూడిద, లేత చెక్క రంగులు ఈ విషయంలో క్షమిస్తాయి.

గోడలకు ఏ రంగు? ఎంత పడుతుంది?

నీలం ఛాయ ఉన్న తెలుపు వద్దు. మన ఎండకు పగలు కళ్లు చెదురుతాయి, రాత్రి ట్యూబ్‌లైటు కింద ఆసుపత్రిలా ఉంటుంది. కాస్త పసుపు, కాస్త మట్టి ఛాయ కలిసిన తెలుపు తీసుకోండి. షేడ్ కార్డు చూసి తేల్చకండి. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల చదరం వేసి పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ చూడండి. సీలింగ్‌కూ అదే రంగు వేస్తే గది ఎత్తుగా కనిపిస్తుంది, అతుకు గీత కూడా ఉండదు.

లెక్క: 12×12 గది, 10 అడుగుల ఎత్తు. నాలుగు గోడలు కలిపి 480 చదరపు అడుగులు, తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 440. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోటింగ్‌లు కలిపి 60–70 చదరపు అడుగులు వస్తుంది. అంటే గోడలకు 7 లీటర్లు, సీలింగ్‌కు రెండున్నర. పిల్లలున్న ఇంట్లో కడగగలిగే ఎమల్షనే వేయించండి. మరీ మెరిసేది వద్దు, మెరుపు గోడ లోపాలన్నీ చూపిస్తుంది.

కొత్తగా రంగు వేయించాం. సాయంత్రం లైటు వేస్తే గోడ అలలు అలలుగా కనిపిస్తోంది. ఎందుకు?

లైటు గోడను రాసుకుంటూ పక్కనుంచి పడుతోంది కాబట్టి. తప్పు రంగులో లేదు, పుట్టీలో ఉంది, కొన్నిసార్లు ప్లాస్టరింగ్‌లోనే ఉంటుంది. ఖాళీ గోడ కావాలనుకునేవాళ్లు ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. వరస ఇలా ఉండాలి:

1. కొత్త ప్లాస్టరింగ్ అయితే నీళ్లు పెట్టడం అయ్యాక పూర్తిగా ఆరనివ్వాలి. మొత్తం మీద నెల రోజుల ముందు ముట్టుకోవద్దు. తడి మీద వేస్తే తెల్లటి ఉప్పు పొంగి పొలుసులు రాలతాయి.
2. 6 అడుగుల అల్యూమినియం పట్టీని గోడకు ఆనించి నిలువుగా, అడ్డంగా జరుపుతూ సందులు చూడాలి. లోతైన గుంటలను పుట్టీతో కాదు, ప్లాస్టర్‌తోనే పూడ్చాలి. పుట్టీ మందంగా వేస్తే పగులుతుంది.
3. పుట్టీ రెండు కోటింగ్‌లు, రెండూ పలచగా. మొదటిది ఆరాకే రెండోది.
4. గీకే ముందు గది చీకటి చేసి, చేతిలో లైటును గోడకు దగ్గరగా పక్కనుంచి పట్టుకుని చూడాలి. ఎత్తుపల్లాలను పెన్సిల్‌తో చుట్టేసి అక్కడే సరిచేయాలి.
5. 180 నంబరు ఎమ్రీ కాగితం, తర్వాత 320. దుమ్ము పూర్తిగా తుడిచాకే ప్రైమర్.
6. ఎమల్షన్ ఒక కోటింగ్, లోపాలకు చిన్న పుట్టీ మరమ్మతు, మీద రెండో కోటింగ్.

నాలుగో మెట్టు పగలు చేసి వదిలేస్తారు మేస్త్రీలు. రాత్రి ఒక గంట ఉండమని కూలి మాట్లాడుకునేటప్పుడే చెప్పండి. పుట్టీ గీకేటప్పుడు మాస్క్ లేకుండా ఎవర్నీ గదిలో ఉండనివ్వకండి.

లైట్లు?

ఒక్కో చోటికి ఒకే రంగు వెలుగు. హాలు, పడకగదులకు 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు; అంకె పెరిగే కొద్దీ నీలం వైపు వెళ్తుంది), వంటింటికి, చదువుకునే బల్లకు 4000. డబ్బా మీద 6500 అని ఉన్నది మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోతుంది గానీ మట్టి ఛాయ తెలుపును అది నీలం చేసేస్తుంది. రంగుల నాణ్యత సూచిక (సీఆర్ఐ) 90 పైన ఉన్నవి దొరికితే తీసుకోండి. కూర రంగు, చీర రంగు ఉన్నట్టే కనిపిస్తాయి.

ఫాల్స్ సీలింగ్ వేయించాలా?

పైన దూలాలు, పైపులు దాచాల్సి ఉంటే తప్ప వద్దు. పది అడుగుల గదిలో ఆరేడు అంగుళాలు పోతాయి, అంచుల గాడిలో దుమ్ము, బల్లులు చేరతాయి.

వైర్లు ఎలా మాయం చేయాలి?

రంగుకు ముందే. టీవీ వెనక సాకెట్‌ను టీవీ మధ్య ఎత్తులో, నేల నుంచి సుమారు 42 అంగుళాల దగ్గర పెట్టించి, అక్కడినుంచి కింద క్యాబినెట్ దాకా గోడలో 2 అంగుళాల పైపు వేయించండి. అంగుళం పైపులోంచి, ముఖ్యంగా వంపుల దగ్గర, హెచ్‌డీఎంఐ ప్లగ్ దూరడం కష్టం, ఆ సంగతి గోడ మూసేశాక తెలుస్తుంది. మంచానికి రెండు వైపులా సాకెట్, రౌటర్‌కు అల్మారాలో చోటు, ఆ అల్మారాకు చెక్క తలుపే ఉండాలి. ఇనుప తలుపు సిగ్నల్‌ను ఆపేస్తుంది. ఇన్వర్టర్‌ను మాత్రం మూసిన అల్మారాలో పెట్టొద్దు, బ్యాటరీకి గాలి కావాలి.

నేల మార్చాలా?

పాత నేల బాగుంటే మార్చకండి. తాండూరు బండలు ఉన్న ఇల్లయితే అదృష్టం. తిరిగి పాలిష్ చేయించి, సందులు నింపిస్తే ఏ కొత్త టైలూ అంత నిండుగా ఉండదు. టైల్స్ మీద టైల్స్ వేయిస్తే నేల అర అంగుళానికి పైగా లేస్తుంది. తలుపుల కింద కోయాలి, బాత్‌రూం గడప దగ్గర నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి. ముందు నాణెంతో పాత టైల్స్ అన్నీ తట్టండి, డొల్ల శబ్దం వచ్చినవి తీసేయాల్సిందే. కొత్తవి తప్పదంటే ఇంటి మొత్తానికి ఒకే టైల్, లేత బూడిదలో మ్యాట్, సందు 2 మిల్లీమీటర్లు, సందు నింపడానికి ఎపాక్సీ గ్రౌట్. మెరిసే తెల్ల టైల్ మీద ఒక్క వెంట్రుక పడినా కనిపిస్తుంది. గ్రానైట్ తీసుకునేవాళ్లు చుక్కలుండే గోధుమరంగు కరీంనగర్ టాన్ బ్రౌన్‌ను వంటగట్టుకు ఉంచుకుని, నేలకు చుక్కలు లేని రాయి చూడండి.

హాలులో ఏం ఉండాలి?

ఒక సోఫా, ఒక చిన్న బల్ల, కూర్చోవడానికి ఇంకో రెండు తేలికైన కుర్చీలు. సోఫా సీటు ఎత్తు 16–18 అంగుళాలు, కాళ్లు కనీసం 5 అంగుళాలు ఉంటే కింద చీపురు పోతుంది. సోఫాకూ బల్లకూ మధ్య 16–18, నడిచే దారికి 36. కొనే ముందు ఆ కొలతల్లో నేల మీద సుద్దతో గీసి, రెండు రోజులు దాని చుట్టూ నడవండి. ఎల్ ఆకారపు సోఫా మన హాళ్లలో సగం దారిని మూసేస్తుంది, చుట్టాలొస్తే ఆ మూలలో ఎవరూ కూర్చోరు.

పూజగదిని ఎలా తగ్గించాలి?

నిత్యం దీపం పెట్టే మూర్తులు, పటాలు ఉంచి, క్యాలెండర్ల నుంచి కత్తిరించిన బొమ్మలు, రెండు మూడేసి ఉన్న పటాలు తగ్గించవచ్చు. చెట్టు కింద వదిలేయకండి. ఫ్రేము విప్పి, గాజు, చెక్క వేరు చేసి, కాగితాన్ని మీ ఇంటి ఆచారం ప్రకారం సాగనంపండి. దీపం వెనక గోడకు రాయి పలకో టైలో పెట్టించండి. ఎమల్షన్ మీద పట్టిన నూనె మసి కడిగినా పోదు. దీపానికి పైన చెక్క అర ఉంటే రెండడుగుల ఎడం తప్పనిసరి. అగ్గిపెట్టె, వత్తులు, కర్పూరం, అగరుబత్తీలన్నిటికీ కింద ఒక సొరుగు.

బతుకమ్మ, పెళ్లిళ్లు, మేడారం జాతర... ఇంటినిండా చుట్టాలు. మరి ఎలా?

ఈ శైలి ఇక్కడ నిలవదని వాదించేవాళ్లు ముందు చెప్పేది ఇదే. నిజానికి సామాను లేని హాలులోనే పదిమంది పడుకోగలరు. బతుకమ్మ పేర్చడానికి తంగేడు, గునుగు రాశి పోయాలంటే కావలసింది కూడా ఖాళీ నేలే. రెండేళ్లకోసారి మేడారం పోయేవాళ్లు మీ ఇంట్లో మజిలీ చేస్తారనుకుంటే పరుపులు కాదు, జంపఖానాలు పెట్టుకోండి. ఒక మంచం కింది సొరుగులో ఎనిమిది పదీ మడతపడతాయి. పండుగ సామాను, అంటే తాంబాళాలు, పెద్ద దీపపు కుందులు, తోరణాలు, అంతా ఒకే ట్రంకులో పెట్టి, మూతకు లోపలి వైపు జాబితా అంటించండి. ఆ నాలుగు రోజులూ ఇల్లు నిండుగా ఉండనివ్వండి. పండుగ అయ్యాక మళ్లీ ట్రంకులోకి.

గోడ మీద ఏదైనా ఒక్కటే అంటే ఏది?

దగ్గర్లోనే దొరుకుతుంది. చేర్యాల నకాషీ పటం అయితే దాని ఎర్రటి నేపథ్యం ఒక్కటే గోడనంతా నిలబెడుతుంది. గుడ్డ మీద చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి వేసే బొమ్మ కాబట్టి బాత్‌రూం గోడ మీద, నేరుగా ఎండ పడే చోట వద్దు. గాజు ఫ్రేములో, గాజు బొమ్మకు తగలకుండా కట్టించండి. మధ్య భాగం నేల నుంచి 58–60 అంగుళాల ఎత్తులో ఉండాలి, మనవాళ్లు చాలా పైకి కొడతారు. పెంబర్తి ఇత్తడి పలక పెడితే పటం వద్దు. రెండూ ఒకే గోడ మీద పెట్టడం రెంటికీ అన్యాయం.

నేలకు వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా (దుర్రీ). వరంగల్ దుర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు రంగులకు మించనిది ఎంచుకోండి. పాలిష్ టైల్ మీద జారుతుంది కాబట్టి కింద రబ్బరు జాలీ పరవాలి. మొదటిసారి విడిగా చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి.

ఎండకు కర్టెన్లు ఎలాంటివి?

కర్టెన్ లోపలికొచ్చిన వేడిని ఆపలేదు. పడమటి కిటికీకి బయట చాజా, వట్టివేళ్ల తడక, లేదా చుట్టే వెదురు తెర ఉంటే లోపల లేత నూలు కర్టెన్ సరిపోతుంది. కడ్డీ కిటికీకి ఆరంగుళాల పైన, రెండు పక్కలా అంతే బయటికి. గుడ్డ వెడల్పు కడ్డీకి రెట్టింపు, పొడవు నేలకు అర అంగుళం పైకి. కిటికీ మట్టానికే ఆపితే గోడ మధ్యలో పాత బ్యానర్ కట్టినట్టుంటుంది. నూలు గుడ్డను కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదవుతుంది.

బాల్కనీ మొక్కలను కోతులు పీకేస్తున్నాయి.

పూలు, కాయలు, కరివేపాకు కుండీలు బయట పెట్టినంతకాలం వస్తూనే ఉంటాయి. అలంకారం లేని నిలువు కడ్డీల గ్రిల్, సందు 3 అంగుళాలకు మించకుండా, లోపలివైపు దోమల జాలీ. అందులో స్నేక్ ప్లాంట్, మనీప్లాంట్ లాంటివి రెండు మూడు పెద్ద కుండీల్లో. వేలు రెండు కణుపులు దింపి మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు.

అద్దె ఇంట్లో కుదురుతుందా?

ఏరివేత, లైట్లు, కర్టెన్లు, ఇంతవరకు కుదురుతుంది. మేకులు కొట్టే పనులు, స్థిరమైన కప్‌బోర్డులు వదిలేయండి. చక్రాలున్న మూత పెట్టెలు, మూసిన ఇనుప బీరువా చాలు. బీరువాను గోడ రంగులోనే స్ప్రే చేయిస్తే గదిలో ఉన్నట్టే అనిపించదు.

డబ్బు తక్కువుంది. ఏ వరసలో ఖర్చు పెట్టాలి?

తడి, లీకేజీలు. తర్వాత వైరింగ్. తర్వాత పుట్టీ, రంగు. తర్వాత మూసిన అల్మారాలు. తర్వాత లైట్లు, కర్టెన్లు. సోఫా ఆఖరికి. అల్మారాలు అయ్యాక రెండు మూడు నెలలు పాత కుర్చీలతోనే గడపండి. అప్పటికి హాలులో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో తెలిసిపోతుంది, సోఫా కొలత ఆ తర్వాత తీసుకోండి.